గుమ్మం దగ్గర కూర్చున్న పెట్టె

రోజూ తెల్లారగానే మా ఆయన నిచ్చెన వేసుకుని కప్పెక్కి, అక్కడ బిగించిన, ఇళ్లకు నెట్టు పంపే పళ్లెం మీద పేరుకున్న మంచును పాత చీపురుతో దులిపేవారు. దిగొచ్చి పొయ్యి దగ్గర చేతులు కాచుకుని, ఫోను తెచ్చి పంచదార గిన్నెకు ఆనించి, వాళ్లమ్మ ముఖం సరిగ్గా పడేలా అటూ ఇటూ జరిపేవారు. కాసేపటికి ఫోనులో పెద్దత్తగారు కనిపించేది. పెద్దత్తగారంటే మా అత్తగారికి సొంత అక్క. ఇల్లు ఏటి అవతలే, వంతెన మీదుగా పోతే నాలుగు వందల అడుగులు. ఒకరికి మోకాళ్లు పోయాయి, ఒకరికి నడుం పోయింది. అందుకని ఆ అక్కచెల్లెళ్లిద్దరూ ఫోను ముందు కూర్చుని, ఎవరి పియాలా వాళ్లు పట్టుకుని, పాలూ ఉప్పూ వేసిన టీ కలిసి తాగేవారు.

"అనీపా, నీ ముక్కొక్కటే కనిపిస్తోందే నాకు," అనేది పెద్దత్తగారు.

"అదొక్కటే మిగిలింది, చూసుకో."

"పళ్లు పెట్టుకోలేదా?"

"నీ ముఖం చూడ్డానికి పళ్లెందుకు?"

ఇలా మొదలయ్యేది మా ఇంట్లో పొద్దు. ఇప్పుడు నిచ్చెన నేనెక్కుతున్నాను. ఫోను నేనే ఆనిస్తున్నాను. పియాలాలు మాత్రం ఇప్పటికీ అలవాటుగా మూడు దించుతున్నాను. మూడోదాన్ని తుడిచి మళ్లీ బోర్లించి పెడుతున్నాను.

మా ఆయన పేరు బెయ్‌షెన్. గురువారం పుట్టాడని ఆ పేరు పెట్టారట. నారిన్ కొండల్లో ఈ కోక్-జార్ ఊళ్లోనే పుట్టి, ఇక్కడే యాభై ఐదేళ్లు బతికి, పోయిన సెప్టెంబరులో బండి మీంచి ఎండుగడ్డి మోపులు దించుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. మళ్లీ లేవలేదు. నాకు చదువు తక్కువ, ఎనిమిదో తరగతి కాకుండానే గొర్రెల వెంట కొండెక్కినదాన్ని. ఆయన పని నాకు అర్థమైనంత వరకే చెప్తాను.

సర్కారు గొర్రెల క్షేత్రం నడిచిన రోజుల్లో ఆయన అక్కడ కరెంటు పని చేసేవారు. క్షేత్రం పోయాక ఊళ్లో వాళ్ల రేడియోలూ టీవీలూ బాగుచేశారు. తర్వాత కనుమ మీదుగా నగరం నుంచి లావుపాటి తీగ వచ్చింది, నెట్టు వచ్చింది, ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. జేబుల్లో ఎప్పుడూ రాగి ముక్కలే. బట్టలు ఉతికేటప్పుడు నా వేళ్లకు గుచ్చుకునేవి. తీసి జామ్ సీసాలో వేసేదాన్ని. ఆ సీసా నిండి ఏళ్లయింది. గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఏది అడిగినా "చూద్దాం" అనేవారు. పాతికేళ్లలో ఆ 'చూద్దాం'లో ఎన్ని రకాలున్నాయో నాకు తెలిసిపోయింది.

మా ఊళ్లో నెట్టు అమ్మేవాళ్లు ముగ్గురు. కింది వీధి, కొండ వైపు ఇళ్లు మా ఆయనవి. ఏటి అవతల తష్తాన్ బావగారిది. ఈయన పెద్దత్తగారి కొడుకే, అంటే మా ఆయనకు అన్న. బజారు వైపు జూరకాన్‌ది. ఆవిడ పాత టెలిఫోన్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు తీగలు గుచ్చిన మనిషి, ఊళ్లో ఏ గొంతు ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ముగ్గురికీ ముగ్గురూ ఒకే పోళ్ల మీద తీగలు లాగారు. కింద నుంచి చూస్తే పిల్లి ఆడుకున్న ఉన్ని ఉండలా ఉండేది.

తొమ్మిదేళ్ల కిందట గాలికి వంతెన దగ్గరి పోలు ఒకటి పడింది. మా ఆయన తీగ బరువుకే పడిందని బావగారు, బావగారి తీగ బరువుకే పడిందని మా ఆయన. ఎవరు ముందు లేపితే తప్పు వాళ్లదని ఒప్పుకున్నట్టవుతుంది కదా, అందుకని ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు. వారం రోజులు రోడ్డుకు అడ్డంగా పడుంది. గుర్రాలు దాని మీంచి దూకుతూ పోయాయి. చివరికి జూరకాన్ తన మనిషిని పంపి లేపించి, "ఈ పోలు ఇక నాది" అని దాని మీద రంగుతో తన పేరు రాసుకుంది. అన్నదమ్ములు ఆ రోజు నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. వంతెన దాటించేవాళ్లు లేక ముసలివాళ్లిద్దరూ ఫోనులో టీ తాగడం మొదలైంది అప్పుడే.

అయితే ఆ టీ కూడా సవ్యంగా సాగేది కాదు. ముగ్గురూ నగరం నుంచి విడివిడిగా తెచ్చుకునేవారు కాబట్టి, ఒకరి లైను ఊళ్లో ఇంకొకరి లైనుకు తగిలేది కాదు. మా అత్తగారి మాట ఏరు దాటాలంటే ముందు కనుమెక్కాలి, మూడు వందల కిలోమీటర్లు పోవాలి, నగరంలో మలుపు తిరగాలి, మళ్లీ కనుమ దిగి అక్క ఇంటికి చేరాలి. కనుమ మీద మంచు చరియ పడి తీగ తెగిందంటే ఏటి అవతలి మనిషి కూడా మాయమే.

మా ఆయన పాత కంప్యూటరు ఒకటి వాకిలి గదిలో పెట్టుకుని, నగరంతో పని లేకుండా ఊళ్లో వాళ్లు ఊళ్లో వాళ్లతో మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. కనుమ తెగినా మా లైను వాళ్లకు మా లైను వాళ్లు దొరికేవారు. కానీ పెద్దత్తగారిది కొడుకు లైను. వేరేవాడి తీగ ఆ ఇంట్లోకి ఎలా వస్తుంది? ఊళ్లో ఒకచోట పెట్టె పెట్టి మూడు లైన్లూ దానికి తగిలిస్తే చాలునని మా ఆయన అనేవారు. అనడమే కాదు, తిరిగారు. ఒకసారి బజారులో జూరకాన్‌ను అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"పెట్టె ఎవరింట్లో పెడతావు బెయ్‌షెన్?"

"నీ ఇంట్లోనే పెట్టక్కా, నాకేం."

"నా ఇంట్లో పెడితే తష్తాన్ తగిలిస్తాడా? వాడింట్లో పెడితే నేను తగిలిస్తానా? నీ ఇంట్లో పెడితే మేమిద్దరం తగిలించం. చూశావా, ఇన్నాళ్లకి నేనూ తష్తానూ ఒక మాట మీదున్నాం."

ఆయన నవ్వి "చూద్దాం" అన్నారు. అది జరగని పనులకు వాడే 'చూద్దాం'.

ఆయన పోయినప్పుడు ఆనవాయితీగా పెరట్లో ఉన్ని గుడారం వేశారు. ఆయన్ను అందులో పడుకోబెట్టారు. నేను గోడ వైపు తిరిగి కూర్చుని ఏడుపు పాట ఎత్తుకున్నాను. మా వైపు మగవాళ్లు చావింటికి వచ్చేటప్పుడు వీధి మొదట్లోంచే గట్టిగా ఏడుస్తూ వస్తారు. ఒక్కొక్క గొంతూ వినిపిస్తోంది. ఉన్నట్టుండి "నా తమ్ముడా, నా ఒక్కగానొక్క తమ్ముడా" అని ఒక గొంతు. తొమ్మిదేళ్లుగా ఆ గొంతు మా గుమ్మం దగ్గర వినలేదు. నా పాట తప్పిపోయింది. పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు.

దూరం నుంచి వచ్చిన చుట్టాలను చావింట్లోనే ఉంచరు, ఇరుగుపొరుగు పంచుకుంటారు. ఊరి పెద్ద పెరట్లో నిలబడి ఏ ఊరివాళ్లు ఏ ఇంటికో చెప్తున్నాడు. తలాస్ నుంచి మా పుట్టింటివాళ్లు ముప్ఫైమంది దిగారు. ఆయన తష్తాన్ బావగారి వైపు చూసి ఆగాడు.

"ఆగావేం? నా ఇల్లు కనిపించట్లేదా నీకు?" అన్నారు బావగారు. అని ముప్ఫైమందినీ వెంటబెట్టుకుని వంతెన దాటారు. గొర్రెను కోసి పెట్టారట. వాళ్ల పేర్లు కూడా ఆయనకు తెలియవు. ఎవరి చుట్టాలు ఎవరింట్లో పడుకున్నారో, ఎవరి రొట్టె ఎవరు తిన్నారో ఆ మూడు రోజులూ అడిగినవాళ్లు లేరు. నేను ఆ గుడారంలో కూర్చుని వింటూ ఉన్నాను.

చుట్టాలు వెళ్లారు. మా కూతురు కూడా కనుమ అవతలి అత్తారింటికి వెళ్లింది. అత్తగారు మాట్లాడడం మానేసింది. పొద్దున అక్కతో తప్ప ఇక ఎవరితోనూ మాట లేదు. ఆ ఒక్క పియాలా టీతోనే రోజంతా గడిపేది. అక్టోబరు మొదట్లో కనుమ మీద తొలి మంచు పడి తీగ తెగింది. నాలుగు రోజులు. మొదటి రోజు నల్లగా ఉన్న ఫోను ముందు కూర్చుంది.

"టీ చల్లారిపోతోంది అత్తయ్యా."

"చల్లారనీ."

రెండో రోజు పియాలాను పక్కకు నెట్టింది. నాలుగో రోజుకు రొట్టె కూడా ముట్టలేదు. ఊరి నర్సు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, దీనికి మందు లేదు, ఏదో ఒకటి తినేలా చూసుకో అంది. ఐదో రోజు తీగ అతికింది, అక్క కనిపించింది, ఈవిడ సగం పియాలా తాగింది. కానీ అది అక్టోబరు. నడి చలికాలంలో తీగ తెగితే మూడేసి వారాలు అతకదు. అప్పటిలోగా మూడు లైన్లూ ఊళ్లోనే కలవకపోతే ఈ మనిషి వసంతం చూడదని నాకు తెలిసిపోయింది. ఆయన పోయారు. వాళ్లమ్మను కూడా నా చేతులతో సాగనంపే ఓపిక నాకు లేదు.

ఈలోగా మా కింది వీధి లైనులో ఏ ఇబ్బంది వచ్చినా ఎవరో వచ్చి బాగుచేసి పోతున్నారు. ఎవరో నాకు తెలియదు. ఒకరోజు ఒకే పోలు దగ్గరికి బావగారు ఒక నిచ్చెనతో, జూరకాన్ మనిషి ఇంకో నిచ్చెనతో వచ్చి ఎదురుపడ్డారట. ఇద్దరూ దారిన పోతూ ఆగినట్టు నటించి, చెరో పక్క నిచ్చెన ఎక్కారట. పక్కింటావిడ చెప్పి నవ్వింది. ఆయన పోయాక నేను నవ్వింది అదే మొదటిసారి.

నలభయ్యో రోజు వంటలకు ఊరంతా వచ్చింది. తిని, దువా చదివి, ఒక్కొక్కరే లేచారు. మా వాకిలి గది తెలుసుగా, పొయ్యి ఉండని చలిగది. చెప్పులూ బూట్లూ అక్కడే, చలికాలం మాంసమూ అక్కడే వేలాడుతుంది. బావగారు అక్కడ బూట్లు వెతుక్కుంటున్నారు. జూరకాన్ శాలువా కప్పుకుంటోంది. నేను తలుపు మూసి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. కోడలు బావగారి ముఖం చూసి మాట్లాడడం మా దగ్గర లేదు. పాతికేళ్లలో ఆయన నా గొంతు సరిగ్గా విని ఉండరు.

"బావగారూ, ఒక్క మాట."

ఆయన ఒక కాలికి బూటుతో అలాగే ఆగారు. "చెప్పమ్మా."

"మా ఇంటి చావుకి మా పుట్టింటివాళ్లు ముప్ఫైమందికి మీరు అన్నం పెట్టారు. వాళ్లెవరో మీకు తెలీదు."

"అదేం మాటమ్మా. చావింటి చుట్టాలని ఎవరైనా ఎంచుతారా?"

"జూరకాన్ అక్క పదిహేనుమందిని పడుకోబెట్టింది."

"పదిహేడు," అంది జూరకాన్. "అందులో ఒకాయన గురకకి మా గొర్రెలు కూడా నిద్రపోలేదు."

"మరి మీ అమ్మగారి మాట మా ఇంటికి రావాలంటే నగరం దాకా పోయి ఎందుకు రావాలి? ఆ మాటా చుట్టం లాంటిదే కదా. ఒకరింట్లోంచి ఇంకొకరింట్లోకి పోనివ్వండి. ఎవరి చుట్టమని అడక్కండి. చలికాలం వచ్చేస్తోంది. అత్తయ్య తిండి మానేస్తోంది."

బావగారు రెండో బూటు చేతిలోకి తీసుకున్నారు. "మా అమ్మ కూడా అంతే," అన్నారు. "ఆ నాలుగు రోజులూ నన్ను తిట్టింది. తిట్టడానికి ఓపికుంది కాబట్టి సరిపోయింది."

"ఇంతకీ పెట్టె ఎక్కడ పెడదాం?" అంది జూరకాన్. "మొదట్నించీ బండి అక్కడే కదా కూరుకుపోయింది."

"ఇక్కడ పెట్టండి," అన్నాను. "ఈ ఇంట్లో ఇప్పుడు మీకు పోటీ వచ్చే మనిషి లేడు."

ఆ మాట నేను అనుకుని అనలేదు. జూరకాన్ శాలువా కొంగుతో ముక్కు తుడుచుకుంది. బావగారు రెండో బూటు తొడుక్కుని, ముడి వెయ్యకుండానే, "మంగళవారం వస్తాను" అని వెళ్లిపోయారు.

మంగళవారం వచ్చారు. పెట్టె బావగారు తెచ్చారు, తీగలు జూరకాన్ తెచ్చింది. మా ఆయన పాత కంప్యూటరును దానికి జత చేశారు. ఎక్కడ పెట్టాలో నేను చెప్పబోయాను.

"ఆయన కంప్యూటరు వాకిలి గదిలోనే..."

"చెప్పుల దగ్గరా?" అన్నారు బావగారు. "నా తమ్ముడి పనిని చెప్పుల దగ్గర పెడతానా? తోర్ మీద పెట్టండి."

తోర్ అంటే తలుపుకు ఎదురుగా, పొయ్యికి దగ్గరగా, పెద్దవాళ్లను కూర్చోబెట్టే చోటు. నేను పక్కకు జరిగి దారిచ్చాను. నిజానికి ఆయన దాన్ని వాకిలి గదిలో ఎందుకు పెట్టుకున్నారో నాకూ తెలియదు. చప్పుడు చేస్తోందని ఒకసారి విసుక్కున్నాను, కోపం వచ్చి బయట పెట్టుకున్నారని ఇన్నేళ్లూ అనుకున్నాను.

బొంతల దొంతర మీద మా పెళ్లినాటి మందపాటి ఉన్ని కంబళి పరిచి, దాని మీద పెట్టెను కూర్చోబెట్టారు. వెనక కుట్టుపని దిండు ఆనించారు. దుమ్ము పడకుండా జూరకాన్ తెల్లటి గుడ్డ కప్పింది. పెళ్లికూతురికి ముసుగు వేసినంత శ్రద్ధగా వేసింది. మూడు తీగలూ తగిలించారు. అందరం అరచేతులు చాచి దువా చేసి, నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోక్, తిన్నాం. నేను ఫోను పంచదార గిన్నెకు ఆనించాను.

ఇదివరకు ఈవిడ మాట్లాడాక అక్క ముఖం రెండు క్షణాలు బొమ్మలా ఉండి అప్పుడు కదిలేది. ఇద్దరూ ఆ ఆలస్యానికి అలవాటు పడ్డారు. ఇప్పుడు ఆలస్యం లేదు. ఒకరి మాట మీద ఒకరి మాట పడుతోంది.

"ఏంటే అంత తొందర, నన్ను చెప్పనీ."

"నువ్వే అడ్డొస్తున్నావు."

"పెళ్లికాకముందు కూడా ఇంతే నువ్వు."

అత్తగారు నవ్వలేదు గానీ, పియాలా ఖాళీ చేసింది.

మధ్యాహ్నం నమాజు వేళకు అంతా ఆగిపోయింది. ఫోను నల్లబడింది. కబురు పంపితే ఇద్దరూ పరుగున వచ్చారు. వచ్చీ రాగానే మొదలైంది.

"నీ తీగే జూరకాన్. టెలిఫోన్ ఆఫీసు మూసేసినప్పుడు ఎత్తుకొచ్చిన తీగ అయ్యుంటుంది."

"నీ డబ్బా తష్తాన్. కొత్తదైతే నువ్వు ఇంకొకళ్లకి ఇస్తావా?"

"కావాలని ఏదో చేశావు. నా లైనువాళ్లంతా ఆగిపోతే నీ దగ్గరికి వస్తారని."

"వస్తే వస్తారు. నాకు పోలు లేపే ఓపికైనా ఉంది."

బావగారి ముఖం ఎర్రబడింది. తన తీగను పెట్టెలోంచి పీకేశారు. జూరకాన్ తనది పీకింది. తొమ్మిదేళ్ల పోలు మళ్లీ మా ఇంటి మధ్యలో అడ్డంగా పడింది. మూలనుంచి అత్తగారు వాళ్లిద్దరినీ చూస్తోంది. తన ఖాళీ పియాలాను తీసి బోర్లించి పెట్టింది.

అది చూసి నాకు కాళ్లు ఆగలేదు. తోర్ దగ్గరికి పోయి తెల్లగుడ్డ ఎత్తి పెట్టె మీద చెయ్యి వేశాను. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా కాలిపోతోంది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన దాన్ని ఆ చలిలో ఎందుకు పెట్టుకున్నారో. నా మీద కోపం కాదు. పాతికేళ్లు కాపురం చేసి ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవారు.

పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని నడిచాను.

"ఎక్కడికమ్మా? చెప్పుల దగ్గరికా?"

"దీనికి ఉక్కపోస్తోంది బావగారూ. తలుపు తియ్యండి."

ఆయన తలుపు తీశారు. వాకిలి గదిలో ఉప్పు క్యాబేజీ పీపా మీద, వేలాడుతున్న గుర్రపు మాంసం కింద దాన్ని పెట్టాను. అక్కడి చిన్న కిటికీ సందులోంచి సన్నటి గాలి వస్తోంది, నేరుగా దాని మీదికే. కంప్యూటరును కూడా తెచ్చి పక్కన పెట్టాను. ముగ్గురం చలికి చేతులు చంకల్లో పెట్టుకుని, బూట్ల మధ్య నిలబడి చూశాం. టీ కాచేంత సేపు పట్టింది. జూరకాన్ వంగి తన తీగ గుచ్చింది. బావగారి వైపు చూడకుండా ఆయన తీగ కూడా అందుకుని గుచ్చింది. పచ్చ దీపాలు ఒక్కొక్కటీ వెలిగాయి.

"పెద్దపీట ఎక్కువై మూర్ఛపోయింది పాపం," అంది జూరకాన్.

బావగారు నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. నవ్వుతూనే గోడకు తల ఆనించారు. తర్వాత ఆయన భుజాలు కదలడం చూసి మేమిద్దరం లోపలికి వచ్చేశాం.

వాళ్ల పోటీ పోయిందని కాదు. పోయిన వారమే జూరకాన్ బావగారి లైనులోంచి రెండిళ్లు లాక్కుంది, ఆయన బజారులో నిలబడి తిట్టారు. కానీ పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి వాకిలి గదిలో దీపాలు చూసి పోతారు. లోపలికి రమ్మంటే రారు. నిలబడే ఒక పియాలా తాగుతారు. బోర్లించి పెట్టే ఆ మూడో పియాలా దానికి పనికొస్తోంది.

నవంబరు చివర కనుమ మూసుకుపోయింది. మంచు చరియ తీగను ఎక్కడో తెంపింది. నగరం లేదు, కూతురి గొంతు లేదు. ఆ ఉదయం నేను భయం భయంగానే ఫోను ఆనించాను.

"అనీపా, నీ ముక్కు."

"ఉందిలే. నీ తల దువ్వుకో ముందు."

అత్తగారు పియాలా నా వైపు చాపింది. "ఇంకొంచెం పోయ్," అంది.

చలి ముదిరేముందు ప్రతి ఏడూ నాకు ఒక పని ఉంటుంది. వాకిలి గది కిటికీ సందులకు ఉన్ని కూరి, పిండి జిగురుతో కాగితం పట్టీలు అంటించాలి. మా ఆయన చలి మనిషి. "బురుల్, ఆ కిటికీ అంటించావా?" అని రోజుకు మూడుసార్లు అడిగేవారు. అంటించేదాకా వదిలేవారు కాదు, ఏడాదికి ఆయన నన్ను సతాయించేది అదొక్కదానికే. ఈసారి అడిగేవారు లేకపోయినా నా చేతులు వాటంతట అవే జిగురు కలిపాయి, పాత పేపర్లు పట్టీలుగా కత్తిరించాయి. గిన్నె పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డాను. గాలి నా మణికట్టుకు తగిలి, నన్ను దాటి పెట్టె మీదికి పోయింది. పెట్టె సన్నగా గుర్రుమంటోంది.

జిగురు తీసుకెళ్లి కోళ్ల దాణాలో కలిపేశాను. పట్టీలు పొయ్యి పక్కన పెట్టాను, నిప్పు రాజేయడానికి. కిటికీ అలాగే ఉంది.